రాజవ్వ కోడలి హోటల్లో కూర్చున్న రోజు

2023 ఎండాకాలం. సోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లు ఉండే కుంఠా నాకా వైపు ఇళ్లన్నీ ఆ ఏడు నా వంతుకు వచ్చాయి. నాది పాలియేటివ్ నర్సు పని. ఇక నయం కాదని డాక్టర్లు తేల్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, గొట్టాలు చూడటం. "బతికియ్యని సిస్టర్ వచ్చింది" అని ఒక ముసలాయన నన్ను ఆటపట్టించేవాడు. ఆయన్ను బతికించలేదు, నిజమే. కానీ చివరి రోజుల్లో నొప్పి లేకుండా నిద్రపోయేలా చేశాను. అదేం చిన్న పని కాదు.

రాజవ్వ గురించి ఆసుపత్రి వాళ్లు చెప్పింది ఇంతే. గొంతు క్యాన్సర్, కరెంట్ (రేడియేషన్) పెట్టించారు, లాభం లేకపోయింది, రైల్స్ ట్యూబ్ ఉంది. రైల్స్ ట్యూబ్ అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్నటి గొట్టం. మింగలేని మనిషికి పాలు, పప్పుకట్టు, పలుచటి గంజి అందులోంచే పోస్తాం. పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య సందులన్నీ తిరిగి వెళ్తే ఆ చిరునామాలో ఇల్లు కాదు, హోటల్ కనిపించింది. మరాఠీలో "ఫిలిపినో జేవణ్" అని బోర్డు, అంటే ఫిలిప్పీన్స్ భోజనం. నాలుగు బల్లలు, వెల్లుల్లి వేగుతున్న వాసన, పొయ్యి దగ్గర చీర కట్టుకుని ఒక పరదేశపు మనిషి.

"రాజవ్వ ఇల్లు ఏడుంది?" అని హిందీలో అడిగాను.

"ఇదే సిస్టర్. అత్తమ్మ వెనక రూంల ఉన్నది," అని ఆమె తెలుగులో జవాబిచ్చింది.

ఆమె పేరు మరిసెల్. రాజవ్వ ఒక్కగానొక్క కొడుకు శ్రీనివాస్ గల్ఫ్‌లో ఒక హోటల్ లాండ్రీలో పనిచేస్తుంటే, ఈమె అక్కడే వంటగదిలో ఉండేది. పెళ్లి చేసుకుని ఇద్దరూ సోలాపూర్ వచ్చారు. కరోనాలో అతను పోయాడు. ఈమె తన దేశం వెళ్లిపోతుందని వాడకట్టంతా అనుకుంది. ఈమె పోలేదు. పవర్‌లూమ్‌లు అమ్మేసి ఖాళీ చేసిన ముందుగదిలో పొయ్యి పెట్టుకుంది. కాలేజీ పిల్లలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు తినిపోతారు.

ఆ రోజు రాజవ్వ దగ్గర పని ముగించి బయటికి వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. మరిసెల్ కుర్చీ లాగింది.

"తింటరా సిస్టర్? కారం తక్కువ ఉంటది."

"కారం లేని తిండి రోగులకు పెడ్త. నేను తినను," అన్నాను. అన్నానే గానీ కూర్చున్నాను.

అన్నం మీద కోడికూర తెచ్చింది. అడోబో అట. సిర్కా అనే వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు. మిరపపొడి చిటికెడైనా లేదు. మొదటి ముద్దకు ముఖం ముడుచుకున్నాను. నాలుగు ముద్దలయ్యాక ఆ పులుపు నాలుకకు పట్టింది, ఇంకొంచెం అన్నం అడిగాను. తర్వాత సినిగాంగ్ అని ఒక చారు పెట్టింది. ముల్లంగి, బెండకాయ, వంకాయ వేసిన చింతపండు పులుసే అది. పోపు ఒక్కటే లేదు.

"పోపు ఏస్తే మా ఇంటిదే," అన్నాను.

"మీరు ఏస్తరు, మేము ఏయం. గంతే ఫరక్," అని నవ్వింది.

"మీ అత్తమ్మకు ఇందుల ఏది ఇష్టముండె?"

ఆమె నవ్వు ఆగిపోయింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. "అత్తమ్మ ఈడ తినలె సిస్టర్. ఒక్కసారి గూడ తినలె."

ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. ముందుగదిలో కోడలు వందమందికి వండి పెడుతుంటే, వెనకగదిలో అత్త తన జొన్నరొట్టె తానే కాల్చుకుని తిన్నది, అన్నేళ్లూ. గొట్టం పడ్డాక కూడా అదే మొండితనం. పక్కింటి పద్మ వచ్చి గొట్టంలో గంజి పోసి పోవాలి, కోడలు ముట్టరాదు. పద్మ కూలికి పోయిన రోజు రాజవ్వ పస్తు. తర్వాతిసారి వెళ్లినప్పుడు నాకు ఒళ్లు మండింది.

"గొట్టంల పోసేదానికి ఎవ్వరి చెయ్యైతే ఏంది అవ్వా? పొట్టకు తెలుస్తదా?"

"నాకు తెలుస్తది," అంది బొంగురు గొంతుతో.

ఆ కోపం పుట్టుక ఏమిటో మెల్లగా ఆమే చెప్పింది. మా నేతవాళ్ల ఇళ్లలో కొత్త కోడలు మొదటిసారి పొయ్యి ముట్టిస్తే తీపి వండాలి. పరమాన్నమో, సేమ్యా పాయసమో. మరిసెల్ వచ్చిన రోజు చుట్టాలు, వాడకట్టు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మరిసెల్ లోపలికి వెళ్లి చాలాసేపటికి ఒక గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది. చూస్తే గంజి.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసింది బిడ్డా. మేము పడుగుకు గంజి పెడ్తం, నూలు గట్టిపడాల్నని. కొత్త కోడలు వచ్చి గదే నా ముంగట పెట్టె. నేను మగ్గాన్నా, మనిషినా? నీ చేతి కూడు ఈ జన్మల ముట్ట అన్న. గిన్నె బయట పారేసిన."

"మరి ఇప్పుడు?"

రాజవ్వ కింద పరిచిన బొంతను చేత్తో తడిమింది. "నా బొంతలు ఎవ్వలు పిండుతున్నరు? పద్మనా? నేను పండుకున్న అనుకోని తెల్లారకముందు కోడలే వచ్చి తీస్కపోతది. కూడు వద్దంటి, బొంతలు పిండిచ్చుకుంటున్న. నాకు సిగ్గు ఉండాలె." కాసేపు ఆయాసపడి, నా చెయ్యి పట్టుకుంది. "సచ్చేలోపట దాని హోటల్ల ఒక్కపారి కూసోని తినాలె. నాకు ఇంకేం పాహిజే లేదు, ఏమొద్దు. ఈ గొట్టం తీసెయ్."

గొట్టం తీయడం కుదరదు. తీసినా గొంతులోంచి మెతుకు దిగదు. దిగకపోగా ఆస్పిరేషన్ భయం, అంటే తిండి పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోవడం. డాక్టరుకు ఫోన్ చేశాను. కంఫర్ట్ ఫీడింగ్ చేయమన్నారు. బలం కోసం కాదు, మనసు కోసం పెట్టేది. దూదిపుల్లను పలుచటి ద్రవంలో ముంచి, పిండేసి, నాలుక మీద అద్దుతాం. మింగేదేమీ ఉండదు, రుచి ఒక్కటి తెలుస్తుంది. అదైనా తెలిస్తేనే. కరెంట్ పెట్టించుకున్నవాళ్లలో కొందరికి రుచి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. రాజవ్వకూ ఆ మాట చెప్పాను. "చూద్దాం తియ్," అంది.

మరుసటి రోజు పద్మా నేనూ ఆమెను కుర్చీతో సహా ఎత్తి ముందుగదిలోకి తెచ్చాం. తలకు నూనె రాయించుకుంది, పెట్టెలోంచి మంచి చీర తీయించుకుంది. తన ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి రావడానికి అంత సింగారం. మరిసెల్ ఆ పూట హోటల్ మూసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం కావాలె అత్తమ్మా?"

"గంజి తే."

ఆమె భయపడి నావైపు చూసింది. తెమ్మన్నట్టు తల ఊపాను. లోపల చాలాసేపు పట్టింది. అల్లం వేసి మెత్తగా ఉడికించిన అన్నం గంజి, దాన్ని లుగావ్ అంటారట. పైన తేటను వడగట్టి చిన్న గిన్నెలో తెచ్చింది. దూదిపుల్ల ఎట్లా పిండాలో చూపించి ఆమె చేతికే ఇచ్చాను. ఆమె అత్త నాలుక మీద అద్దింది.

రాజవ్వ కళ్లు మూసుకుంది. మళ్లీ నోరు తెరిచింది. మరిసెల్ మళ్లీ అద్దింది. అట్లా నాలుగైదుసార్లయ్యాక రాజవ్వ కళ్ల పక్కనుంచి నీళ్లు కారాయి.

"ఏం తెలుస్తలేదు బిడ్డా. నీళ్ల లెక్కుంది. ఎట్లుంటదో నువ్వే చెప్పు."

మరిసెల్ మాటలు వెతుక్కుంది. "ఉప్పు ఉంటది అత్తమ్మా. అల్లం ఉంటది. వేడి ఉంటది, ఛాతీలకు పోతది. మా ఊర్ల జరం వస్తే మా అమ్మ చేస్తది. బయటోళ్లకు చెయ్యదు. మా మనిషికే చేస్తది. నేను వచ్చిన దినం మీకు జరం ఉండె. కాళ్లు మొక్కినప్పుడు నా చేతికి కాలింది. అందరు కూసున్నరు, ఎవ్వరు చూడలె."

జరమా అన్నట్టు రాజవ్వ ఆమె ముఖంలోకి చూసింది. జ్వరం సంగతి ఆమెకే గుర్తులేదని నాకు అర్థమైంది.

"గా మాట గప్పుడే చెప్పకపోతివి."

"గప్పుడు నాకు తెలుగు రాదు అత్తమ్మా."

పద్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. రోగి ముందు ఏడవకూడదని కొత్తగా వచ్చిన నర్సులకు నేనే నేర్పుతాను. ఆ రోజు ఆపుకోలేక ఏడ్చాను. రాజవ్వ ఒక్కతే ఏడుపు ఆపి, "ఇంకొంచెం పెట్టు," అంది. రుచి తెలియకపోయినా గిన్నె అయ్యేదాకా పెట్టించుకుంది. మిగిలిన రోజులన్నీ గొట్టంలో గంజి పోసింది మరిసెలే. అవి ఎన్నో రోజులు కావు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. ఎవరికైనా కరెంట్ పెట్టాలని, గొట్టం వేయాలని డాక్టరు రాస్తే, అంతకుముందే, నోటికి రుచి ఉండగానే వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను. ఎవరి చేతి వంట తినాలనుందని అడుగుతాను. కొందరు వెంటనే చెప్తారు. కొందరు ముఖం తిప్పుకుంటారు. ఆ ముఖం తిప్పుకున్నవాళ్లనే నేను వదలను. "కోపం రేపు గూడ చేస్కోవచ్చు," అంటాను. "ఇయ్యాల పోయి ఒక ముద్ద తినిరా."