నూనెలో కాగిన హెర్బేరియం

ఆ రోజుల్లో మా కోనసీమలో పెద్దవాళ్ళ ముందు 'కాదు' అనే మాట పెద్దగా చలామణీలో ఉండేది కాదు. విన్నా వినకపోయినా అవునన్నట్టు 'ఆయ్' అనేస్తే సరిపోయేది. తొంభైల్లో కొత్తపేటలో అమ్మమ్మ దగ్గరుండి, బస్సులో అమలాపురం వెళ్ళి డిగ్రీ చదువుతున్న నేనూ ఆ ఒక్క మాటతోనే నెట్టుకొచ్చేదాన్ని. (అది ఎంత తెలివితక్కువ పనో బోటనీ ప్రాక్టికల్స్ నాడు తెలిసింది.)

పరీక్షలో హెర్బేరియం, అంటే ఎండబెట్టి అతికించిన మొక్క, చూపించాలి. ఫస్ట్ క్లాసు రాకపోతే పై చదువు లేదని నాన్నగారు ముందే చెప్పేశారు. అందుకని కాలవగట్టున మోకాలిలోతు బురదలో దిగి, పసుపు గుంటగలగర మొక్కలు పీకి తెచ్చి, పాత పేపర్ల మధ్య పరిచి, పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించాను. పరీక్ష రోజు పొద్దున్న తీసి చూద్దును కదా, వేళ్ళున్నాయి, కాడలున్నాయి, ఒక్క పువ్వుంది. ఆకు మాత్రం ఒక్కటీ లేదు. వంటింట్లోంచి కొబ్బరినూనె కాగుతున్న వాసన కమ్మగా వస్తోంది.

"అమ్మమ్మా, నా ఆకులేవీ?"

"నూనెలో వేసేనే. 'ఈ ఆకు నా జుట్టుకేనా అమ్మాయ్' అని మొన్న అడిగితే, ఆయ్ అన్నావు కదా!"

(అనే ఉంటాను.)

ల్యాబులో, బయటి కాలేజీ నుంచి పరీక్షకొచ్చిన ఎక్స్‌టర్నల్ గారు కాడలూ పువ్వూ అతికించిన నా షీటు అటూ ఇటూ తిప్పారు. "ఆకులేవమ్మా?"

"నూనెలో ఉన్నాయండి."

అందరూ గొల్లుమన్నారు. నేను మాత్రం పై చదువు అక్కడితో ఆఖరనుకున్నాను. ఆయన నవ్వలేదు. "పోనీ, ఇది ఒక పువ్వేనా?"

"ఆయ్."

"చూసే చెబుతున్నావా?"

"ఆయ్ అండి."

ఆయన లెన్స్ నా చేతిలో పెట్టారు. పాఠమంతా పొల్లుపోకుండా బట్టీ పట్టినదాన్నే కానీ, పువ్వుని ఏనాడూ చూడలేదు. నేను రేకు అనుకున్న ప్రతిదీ ఒక పువ్వే! నడిమి బొడిపంతా కిక్కిరిసి కూర్చున్న బుల్లి పువ్వులే, ఒక్కోదానికి మళ్ళీ అయిదేసి అంచులు. పుట్టినప్పటినుంచి తొక్కుకుంటూ నడిచిన గట్టు మీద ఇంత ఉందా అనుకుంటే కళ్ళంట నీళ్ళొచ్చాయి.

"కాదండీ," అన్నాను. ఒక పెద్దాయనతో నేనన్న మొదటి 'కాదు' అదే. "ఇది ఒక ఊరండీ!"

ఫస్ట్ క్లాసు వచ్చింది. కాలేజీలో లెన్స్ అడిగి తెచ్చుకుని, గట్టు మీద పువ్వొకటి కోసుకొచ్చి అమ్మమ్మకీ చూపించాను. చాలాసేపు చూసి, "ఇన్నేళ్ళూ ఇంతమందిని ఒక్కటే అనుకున్నానా తల్లీ" అంది. ఆ తరవాత ఆకు కోసినప్పుడల్లా పువ్వు జోలికి వెళ్ళేది కాదు.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా నేనేమడిగినా 'ఆయ్' అంటుంది. కోప్పడదామని వెళ్ళి, పేపర్ల మధ్య నూనెకి పనికొచ్చే ఆకులేమైనా ఆరబెట్టిందేమోనని వెతుక్కుని వస్తుంటాను. నా జుట్టూ తెల్లబడింది మరి.