తమ్ముడు కుట్టిన సంచి

ఆమెకు కోపం ముక్కు మీద ఉంటుందని అంతా అంటారు. దగ్గర నుంచి చూసినవాళ్ళకు మాత్రం అది ఆమె బొటనవేళ్ళలో ఉంటుందని తెలుసు. దాణా గదిలో బల్ల ముందు నిలబడి, ఎండబెట్టి ఒత్తిన ఆల్ఫాల్ఫా గడ్డి క్యూబును రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని పుటుక్కున విరిచేటప్పుడు ఎవరూ ఆమెను పలకరించరు. విరిచి లోపలి రంగు చూస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. వాన వెలిసి ఎండ కాసిన పొలం వాసన రావాలి. నల్లమచ్చ కనిపించినా, బూజు పొడి లేచినా, ఎండిన పురుగు రెక్క ఒక్కటి తగిలినా ఆ సంచి వచ్చిన బండి మీదే తిరిగిపోతుంది. తెచ్చినవాడి వంశానికి నాలుగు మాటలు కూడా దానితోపాటే పోతాయి.

పిల్లలకు స్వారీ నేర్పే ఆ గుర్రపుశాలలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. నిజానికి అలా పిలిచే హక్కు ఒక్కడిదే, గుర్రాలను రుద్ది కడిగి మేత పెట్టే ఆమె మరిదిది. అతని నోటి నుంచి ఆ పిలుపు జలుబులా అందరికీ అంటుకుంది. భర్త నాడాలు కొట్టే పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆమె చేతివేళ్ళ వంక చూశాకే నోరు విప్పుతాడు.

విరిచి చూడడం తండ్రి నేర్పిన విద్య. ఆయన గుర్రబ్బండి తోలేవాడు. "గుర్రానికి వాంతి రాదమ్మా. లోపలికి పోయింది ఇక బయటికి రాదు. దానికోసం ముందే నువ్వు కక్కాలి, నీ కళ్ళతో, నీ ముక్కుతో" అనేవాడు. ఆయన పోయేనాటికి ఆమె చేతిలో ఆ మాటా, చంకలో తమ్ముడూ మిగిలారు.

తమ్ముడిని ఆమే పెంచింది. తన జడ కంటే ముందు వాడి తల దువ్వింది. దబ్బనంలో పురికొస ఎక్కించి సంచి మూతి కుట్టడం, చివర తండ్రి వేసే జంటముడి వేయడం వాడి వేళ్ళు పట్టుకుని నేర్పింది. పెద్దవాడై వాడు దాణా కొట్టు పెట్టినప్పుడు మొదటి సంచి ఆమే కొంది. అలవాటు కొద్దీ అక్కడే మూతి విప్పి ఒక క్యూబు విరవబోయింది. వాడి మొహం చిన్నబోయింది.

"నన్ను కూడానా అక్కా?"

ఆమె క్యూబును తిరిగి సంచిలో వేసేసింది. ఆ రోజు నుంచి ఊళ్ళో అందరి సంచులూ విరిచింది. తమ్ముడి సంచిని మాత్రం విరవలేదు. అది నేరుగా బకెట్లోకి, బకెట్ నుంచి గాడిలోకి పోయేది. తోడబుట్టినవాడి మేత విరిచి చూస్తే వాడి మనసు విరుగుతుందనుకుంది.

ఆ మేత తినేది ఒక్కటే, ఒక ముసలి బూడిదరంగు ఆడగుర్రం. స్వారీకి వచ్చే పిల్లలు దాన్ని నాయనమ్మ అనేవాళ్ళు. పళ్ళు అరిగిపోయి ఎండుగడ్డి నమలలేదు. క్యూబులు గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే విచ్చుకుని మెత్తటి ఆకుపచ్చ ముద్దవుతాయి. ఆ ముద్దే దాని బతుకు. ఎందరు పిల్లలు దాని వీపు మీద భయం పోగొట్టుకున్నారో లెక్కలేదు. పిల్లవాడు ఒక పక్కకు జారితే తానూ ఆ పక్కకు ఒరిగి, చిన్న గిన్నెను సర్దినట్టు వాడిని సర్దుకునేది.

ఒక ఉదయం మరిది దాణా గది గడప మీద నిలబడి, "వదినా, మీ అత్తగారు అలిగింది" అన్నాడు.

"ఏ అత్తగారు?"

"నాయనమ్మ. బకెట్లో మూతి పెట్టట్లేదు. నిన్న సాయంత్రం కూడా అంతే, వాసన చూసి మొహం తిప్పేసింది. కాస్త చెరకుమడ్డి కలపనా?"

మొండికేసిన గుర్రానికి మేతలో తియ్యటి మడ్డి కలిపి తినిపించడం బండివాళ్ళ పాత చిట్కా. ఆమె తల కూడా ఎత్తకుండా, "కలుపు. ముసలితనంలో జిహ్వ ఎక్కువవుతుంది" అంది.

మడ్డి కలిపాడు. నాయనమ్మ తింది. బకెట్ అడుగు దాకా నాకింది.

మర్నాడు దాని నాలుక పెదవి పక్కనుంచి తడిగుడ్డలా వేలాడుతోంది. నీళ్ళు తాగబోతే ముక్కులోంచి తిరిగొచ్చాయి. కాళ్ళు చలిలో ఉన్నట్టు వణికాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి, నాలుకను మెల్లగా లాగి వదిలింది. అది లోపలికి పోలేదు.

"ఏం పెట్టారు?"

వదిన సంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఇద్దరూ విరవడం మొదలుపెట్టారు. చాలా క్యూబులు పచ్చగా, అమాయకంగా విరిగాయి. ఒకటి మాత్రం విరగలేదు, సాగింది. లోపల బూడిదరంగు బొచ్చు, అగ్గిపుల్లంత ఎముక.

"పొలంలో ఎలుకో, కుందేలు పిల్లో కోత మిషన్లో పడి ఉంటుంది. గడ్డితోపాటే ఒత్తేశారు. కుళ్ళిన మాంసంలో పుట్టే విషం ఇది, కండరాలను పడగొట్టేస్తుంది. మందు ఎక్కిస్తాను. కానీ ఆశ పెట్టుకోకండి" అని డాక్టరమ్మ సూది తీసింది. తర్వాత అడిగింది: "ఈ సరుకు ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

నాయనమ్మ ఆ మధ్యాహ్నం ఎండలో ఒక పక్కకు ఒరిగింది. ఈసారి దాన్ని సర్దడానికి ఎవరూ సరిపోలేదు. మరిది దాని మెడ మీద చెయ్యి వేసి ఏడ్చాడు. వదినకు ఏడుపు రాలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. తన నోటితోనే కలపమంది. వద్దని ఆ నోరులేనిది రెండు పూటలా చెబితే, తీపి పోసి దాని మాట మింగించింది. తన మీద లేచిన కోపం చోటు చాలక ఖాళీ సంచి మీద పడింది. చింపేద్దామని మూతి దగ్గర పట్టుకుని, ఆగిపోయింది.

అంచున మిల్లు మిషను కుట్టిన తెల్లదారం తెగిన పోగులు. వాటి మీద పురికొస కుట్టు. చివర జంటముడి.

తండ్రి ముడి అది. ఊళ్ళో ఆ ముడి వేసే చేతులు రెండే జతలున్నాయి.

బండి తోలమని మరిదికి చెప్పి, సంచి చంకన పెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. తమ్ముడు త్రాసు దగ్గర తవుడు తూస్తున్నాడు. ఆమె సంచి వాడి ముందు విసిరింది.

"ఈ మూతి ఎందుకు విప్పావు?"

వాడు సంచిని చూశాడు, తర్వాత ఆమె వేళ్ళను చూశాడు. "ఏమైందక్కా?"

"నాయనమ్మ పోయింది. మూతి ఎందుకు విప్పావని అడుగుతున్నా."

"గోదాములో చూరు కారింది. కొన్ని సంచులకు చెమ్మ తగిలి వాసనొచ్చింది. నల్లవన్నీ ఏరి పారేశా, మంచివే ఉంచా. ఒట్టు. లోపల ఎలుక ఉందని నాకేం తెలుసు?" అని నాలుక కరుచుకున్నాడు.

"ఎలుక సంగతి నేను చెప్పలేదే."

తవుడు తక్కెడలోంచి జారుతోంది. వాడు ఆపలేదు.

"ఒకదాంట్లో బొచ్చు కనబడింది. అది తీసేశా. ఒక్కటే అనుకున్నా."

"అనుకుని, నాకు పంపావు. ఇంతమంది బేరగాళ్ళుండగా నాకే ఎందుకు?"

వాడు తక్కెడ కిందికి దించాడు. చెప్పినప్పుడు గొంతు చిన్నప్పటిదైపోయింది.

"మిగతావాళ్ళు విరిచి చూస్తారు. నువ్వు చూడవుగా."

మరిది గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళు తాను ప్రేమ అనుకుని మూసి ఉంచిన కన్ను, వాడికి చెడ్డ సరుకు దాటించే దొడ్డిదారి అయింది.

"ఇంకెవరు చూడరు?" అంది. వాడు జారిన తవుడు పోగుచేయబోయాడు. "ఒరే, నీ పళ్ళు రాలగొట్టక ముందే చెప్పు. ఆ సంచులు ఇంకెవరికి పంపావు?"

"బాబాయికి. ఒక్కటే."

బాబాయి తండ్రికి తోటి బండివాడు. చూపు సగం మందగించింది. ఉన్నది ఒక్క పొట్టిగుర్రం. ఏటి ఒడ్డున పిల్లల్ని దాని మీద ఎక్కించి తిప్పితేనే ఆయన పొయ్యి వెలుగుతుంది.

"ఫోన్ చెయ్యి."

"చేస్తే ఊరంతా పాకుతుందక్కా. కొట్టు మూసుకోవాలి. నేనే మెల్లగా వెళ్ళి సంచి మార్చేస్తా, సరుకు బాలేదని..."

"నీ మెల్లగా తగలెయ్య. ఫోన్ ఇలా ఇయ్యి."

బాబాయి ఫోన్ మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆమె తమ్ముడి చొక్కా మెడ పట్టి బండి దాకా నడిపించింది. పెళ్ళయి, పొట్ట పెరిగి, పది మందితో అయ్యా అనిపించుకునే మనిషి, బడి ఎగ్గొట్టిన పిల్లవాడిలా నడిచాడు. పక్క కొట్టువాళ్ళు బయటికొచ్చి చూశారు. చూడనీ అనుకుంది.

బాబాయి పెరట్లో పొట్టిగుర్రం గుంజకు కట్టి ఉంది. దాని ముందు బకెట్లో పచ్చటి ముద్ద, ఎవరూ ముట్టనిది. బాబాయి చేతిలో మడ్డి డబ్బా. మూత రావడంలేదని గుడ్డ చుట్టి తిప్పుతున్నాడు.

"ఎవరూ, అమ్మాయివేనా? మంచి సమయానికొచ్చావు. ఈ మూత తియ్యి. పొద్దున్నించీ వెధవ మూతి ముడుచుకుని కూర్చుంది. రెండు చుక్కలు పోస్తే..."

ఆమె బకెట్‌ను కాలితో తన్నింది. పచ్చటి ముద్ద మట్టిలో దూరంగా చిమ్మింది. గుర్రం ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, కానీ చెవులు మాత్రం ఆమె వైపే పెట్టింది.

"అది తిన్నదా బాబాయ్? ఒక్క పిడికెడైనా?"

"తింటే నీకు ఈ తిప్పలెందుకు చెబుతా? ఏమైందే, తన్నేశావు?"

ఆమె తమ్ముడిని ముందుకు తోసింది. "చెప్పు."

"సరుకు కాస్త చెమ్మగా ఉందని..."

"అది కాదు. నాకు చెప్పింది చెప్పు."

వాడు చెప్పాడు. చూరు, చెమ్మ, బొచ్చు, తిరిగి కుట్టిన మూతి. విరిచి చూడని అక్కకూ, చూడలేని బాబాయికీ పంపిన సంగతి చెప్పేటప్పుడు నేల వైపు తిరిగిపోయాడు. బాబాయి మడ్డి డబ్బాను జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. తడుముకుంటూ వెళ్ళి గుర్రం మూతి మీద అరచెయ్యి ఉంచాడు.

"నాకు కళ్ళు లేవురా, అందుకు పంపావు. బానే ఉంది. మీ అక్కకేమయింది, కళ్ళున్నాయిగా?"

ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తగిలింది. ఆమె మూల ఉన్న సంచి ఈడ్చుకొచ్చి బండిలో పడేసింది. మిల్లు దారం తెగని సంచి ఒకటి కొట్టు నుంచి తెమ్మని మరిదిని పంపింది. అది వచ్చేదాకా ఆ పెరట్లో ఎవరూ కూర్చోలేదు.

కొత్త సంచి మూతి ఆమే కోసింది. నేల మీద గుడ్డ పరిచి, తమ్ముడిని దాని ముందు కూర్చోబెట్టింది. వాడి బొటనవేళ్ళకు అలవాటు తప్పింది. మొదటి క్యూబు పొడయింది. రెండోది విరిగింది.

"లోపల చూడు. వాసన చూడు. బాబాయికి కూడా చూపించు."

బాబాయి వాసన చూసి తలూపాడు. పొట్టిగుర్రం తాడు లాగుతూ మెడ చాచింది.

వాడు విరుస్తూనే, తల ఎత్తకుండా అడిగాడు. "ఇక నా దగ్గర కొనవు కదూ అక్కా?"

"కొంటా" అంది ఆమె. ఆ గొంతులో జాలి ఏమాత్రం లేదు. "కొట్టు ముందే బల్ల వేసుకుని, నలుగురూ చూస్తుండగా ప్రతి సంచీ విరుస్తా. నువ్వు బతికినన్నాళ్ళూ. ఆపావేం? విరువు."