మా పెద్దనాయన నడిపిన పడవ

పుంగనూరు దగ్గర మా ఊళ్ళో పడవ నడిచిందంటే ఇప్పుడెవరూ నమ్మరు. బోరు వేస్తే దుమ్ము లేచే ఊరు మాది. అలాంటిది ఒక ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. చెరువు నిండి వెనక్కి తన్నింది. మా ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య దారి, దాని పక్కన చేలు అన్నీ మునిగిపోయాయి. కట్ట మీదుగా చుట్టి వెళ్ళాలంటే సగం పొద్దు అక్కడే గడిచేది.

మా పెద్దనాయన కుప్పం-మదనపల్లె బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో తోచక పెద్దమ్మ వంటకు వంకలు పెడుతుండేవాడు. ఆయన ఎవర్నో పట్టుకుని, సముద్రతీరంలో మనుషుల్ని దాటించి దాటించి ముసలిదైపోయిన ఇంజను పడవనొకదాన్ని లారీలో వేసుకొచ్చాడు. పుంగనూరులో టీకి ఆగితే ఒక ముసలాయన లారీ చుట్టూ తిరిగి, "యాడికప్పా ఇది? సముద్రం మన పక్కకొస్తాండాదా?" అని అడిగాడట.

పెద్దనాయనకు వచ్చింది బస్సు నడపడమే. అందుకని పడవనూ బస్సులాగే నడిపాడు. ఖాకీ చొక్కా తొడిగాడు. ముందు బల్లల మీద 'స్త్రీలకు' అని రాయించాడు. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానన్న పేరుతో ఇంట్లో కూర్చున్న నన్ను కండక్టర్ని చేసి విజిల్ ఇచ్చాడు.

మొదటిరోజే ఒడ్డు మా మీదికొచ్చేసింది. "పెద్దనాయనా, ఆపు!" అని అరిచాను.

"దీనికి బ్రేకు యాడుండాదిరా!" అన్నాడాయన, కాలితో అడుగుచెక్కను తొక్కుతూ.

ఒడ్డును గుద్దుకుని అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. అయినా దిగేటప్పుడు, "బస్సు కంటే మేలప్పా, గతుకుల్లేవు" అన్నారు జనం. పెద్దమ్మ మాత్రం ఎక్కలేదు. "నేల మీద నీ డ్రైవింగు సూసినాను. మళ్ళా నీళ్ళల్లో యాల?" అని కట్ట మీదుగానే నడిచేది.

కొన్ని నెలలు బాగానే నడిచింది. టమాటాలు కోతకొచ్చిన రోజుల్లో ఒక ఉదయం మదనపల్లె మార్కెట్టుకు పోయే బాక్సులు, పెళ్ళికి పోయే జనం ఒకేసారి ఎక్కారు. అందరూ వెనకే కిక్కిరిశారు. పెద్దనాయనకు పాత అలవాటు పొంగుకొచ్చింది.

"ముందర ఖాళీ ఉండాది! జరగండప్పా, జరగండి!"

బస్సులో ఏనాడూ వినని జనం ఆ రోజు విన్నారు. బాక్సులతో సహా ముందుకు జరిగారు. పడవ మూతి వంగింది. టికెట్టు లేని ప్రయాణికుల్లా నీళ్ళు దర్జాగా లోపలికొచ్చాయి. ఇంజను దగ్గి ఆగిపోయింది. మాలో ఒక్కరికీ ఈత రాదు. తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాం.

కట్ట మీంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "లేసి నిలబడండి! అది మన సెనక్కాయల సేను! నడుము దాటవు నీళ్ళు!"

నిలబడ్డాం. నిజమే, నడుము దాటలేదు. చుట్టూ టమాటాలు ఎర్రగా తేలుతున్నాయి. పెళ్ళి పట్టుచీరల్లోనే ఆడవాళ్ళు వాటిని కొంగుల్లోకి ఏరుతున్నారు. పెద్దనాయన మాత్రం రొమ్ముదాకా నీళ్ళలో సీట్లోనే కూర్చుని ఉన్నాడు.

"ప్యాసింజర్లంతా దిగినారా?" అని అడిగాడు.

"దిగినారు పెద్దనాయనా."

అప్పుడు లేచాడు.

అడుగు చెక్కలు విడిపోయాయి. ఆ పడవ మళ్ళీ నడవలేదు. సాయంత్రం ఊరి జనం ఇంటికొస్తే, తిట్టడానికేననుకుని పెద్దనాయన తలొంచుకు కూర్చున్నాడు. ఒక పెద్దాయన పక్కనే కూలబడి, భుజం మీద చెయ్యేశాడు.

"యాలప్పా దిగులు? ఈ ఊళ్ళో పుట్టి, నీళ్ళల్లో మునిగినామని చెప్పుకునే యోగం మా తాతలకుండిందా?"

పెద్దనాయన ఆపుకోలేక నవ్వేశాడు.