ఎందుకని అడగని లోకం

రక్తపరీక్షల ల్యాబులో ఆమెను అందరూ రాకెట్టమ్మ అనేవారు. పొద్దంతా సూదులు గుచ్చి, సీసాల మీద పేర్లంటించి, ఇంటికెళ్లాక చంద్రుడి మీద కాపురాల గురించి కథలు రాసేది కాబట్టి ఆ పేరు. "రాకెట్టమ్మగారూ, మీరు కాస్త కిందికి దిగితే ఈయన షుగరు చూద్దాం" అని ల్యాబు యజమాని వచ్చినవాళ్లను నవ్వించేవాడు. ఆమె చిరాకు నటించేది గానీ ఆ పేరంటే లోలోపల మురిసిపోయేది.

కథలకు బొమ్మలు వేసేది చెల్లెలు. చెల్లెలిది దుకాణాలకు బోర్డులు రాసే పని. నిచ్చెనెక్కి కుంచె పట్టిందంటే దారం పట్టి గీసినట్టు వచ్చేవి అక్షరాలు. అక్క కథ చదివి వినిపిస్తుంటే సగంలోనే "ఆగాగు, నాకు కనబడింది" అని పెన్సిలు అందుకునేది.

ఆ చెల్లెలికి తొలికాన్పు ప్రాణం మీదికి వచ్చింది. బీపీ ఒక్కసారిగా పెరిగి ఫిట్స్ వచ్చాయి. బిడ్డ దక్కలేదు. మళ్లీ కడుపొస్తే ఇంతకంటే ప్రమాదం కావచ్చనీ, బాగా ఆలోచించుకోమనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉండగానే రాకెట్టమ్మకు ఒక కథ తట్టింది. ఆ కథలో చంద్రుడి మీద బిడ్డలు గాజుతొట్టెల్లో పెరుగుతారు. పురిటిలో ఎవరూ చావరు. నెలనెలా ఒక యంత్రం వచ్చి, "ఉంచమంటావా, వద్దా?" అని బిడ్డ తల్లిని అడుగుతుంది. వద్దంటే వద్దే. ఎందుకని అడిగే హక్కు ఆ లోకంలో ఎవరికీ లేదు.

కథ అచ్చయ్యాక తిట్టేవాళ్లు తిట్టారు, మెచ్చేవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అమ్మ మాత్రం పత్రికను మూలకు గిరాటేసి, "పెళ్లీ పెటాకులూ లేకుండా నువ్వెలాగూ కూర్చున్నావు. కాపురం చేసుకునేదాని బుర్ర కూడా పాడుచెయ్యకు" అంది. ఆ మాట ముల్లులా దిగబడి ఉండిపోయింది.

ఆ తరువాత కొన్నాళ్లకు, మధ్యాహ్నం భోజనాల వేళ చెల్లెలు ల్యాబుకు వచ్చింది. వేళ్లకు ఇంకా ఎర్రరంగు అంటుకునే ఉంది.

"అక్కా, నెల తప్పింది. నాకొద్దు. రేపు డాక్టరమ్మ దగ్గరికి నాతో రా. ఒక్కదాన్నే వెళ్లలేను."

"మీ ఆయనకి చెప్పావా?"

"లేదు. అత్తయ్య దగ్గర ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడకి తెలిస్తే అమ్మకి తెలుస్తుంది. ఇక నా కడుపు అందరి సొత్తూ అయిపోతుంది."

"అయినా అంత తొందర ఎందుకే? ఎందుకు వద్దనుకుంటున్నావు?"

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. "నీ కథలో ఎందుకని అడగరు కదక్కా. నువ్వెందుకు అడుగుతున్నావు?"

"అది కథే పిచ్చిదానా" అని నవ్వేసింది రాకెట్టమ్మ.

చెల్లెలు రేపు వెళ్లి తీయించేసుకుంటే, ఎల్లుండికల్లా ఎలాగోలా తెలిసిపోయి అమ్మ నోట ఏ మాట వస్తుందో ఆమెకు తెలుసు. నీ రాతలే దాని కడుపు తీశాయంటుంది. "ఈసారి నేనున్నానుగా. వారంవారం నేనే బీపీ చూస్తాను, నేనే పరీక్షలు చేస్తాను. ఏమీ కాదు" అంది. ఆ సాయంత్రమే, చెల్లెలు ఎవరికీ తెలియకూడదనుకున్న సంగతిని తీసుకెళ్లి, దగ్గరుండి చూసుకుంటానంటూ అమ్మ చెవిన వేసింది.

అమ్మ పొంగిపోయింది. ఎన్నడూ లేనిది ఆమె తల నిమిరి, "ఇన్నాళ్లకి బుద్ధొచ్చినట్టు మాట్లాడావు" అంది. ఆ చేతి స్పర్శకు రాకెట్టమ్మ చిన్నపిల్లలా కరిగిపోయింది. తరువాతి రోజుల్లో ఆమెను అన్నిటికంటే ఎక్కువ కాల్చింది ఈ కరిగిపోవడమే.

అమ్మ వియ్యపురాలికి చెప్పింది. రెండిళ్లలోనూ సంబరం. చెల్లెలు పోట్లాడలేదు. అక్కను ఒక్క మాట కూడా అనలేదు. వారంవారం ల్యాబుకు వచ్చి చెయ్యి చాపేది. బొమ్మలు వేయడం మానేసింది.

ఏడో నెలలో ఒకరోజు, రాకెట్టమ్మ పరీక్షపట్టీని చెల్లెలి మూత్రం సీసాలో ముంచి తీసింది. లేత పసుపు రంగులో ఉండాల్సిన గడి, ప్రొటీను పోతోందన్న గుర్తుగా, కళ్లముందే ముదురు ఆకుపచ్చకు తిరిగింది. ఇంకో పట్టీ ముంచింది. అదీ అంతే. తనే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. దారిలో చెల్లెలు, "తల పగిలిపోతోందక్కా" అని భుజం మీద ఒరిగిపోయింది.

ఆపరేషను చేసి బిడ్డను తీశారు. అరచేతిలో ఇమిడేంత ఆడపిల్ల, బతికింది. చెల్లెలూ బతికింది. కానీ మెదడులో రక్తనాళం చిట్లి కుడిచెయ్యి చచ్చుబడిపోయింది.

చెల్లెలి మొగుడు వరండాలో రాకెట్టమ్మ పక్కన వచ్చి కూర్చున్నాడు. మనిషి ఒక్కరోజులో సగమయ్యాడు. "వదినా, మెలకువ రాగానే తనొక మాట అంది. వద్దనుకున్నానని. నాకెందుకు చెప్పలేదో? చెబితే నేనే తీసుకెళ్లేవాణ్ణి కదా! పోయినసారి తనని ఎలా చూశానో నాకు తెలీదా?"

అతనికి తెలిస్తే అందరికీ తెలిసిపోతుందని చెల్లెలు భయపడింది. చివరికి బయటపెట్టిందీ, అడ్డుపడిందీ అతను కాదు.

పాప తల్లితో అమ్మమ్మ ఇంటికి వచ్చింది. రాకెట్టమ్మ వేలు పట్టుకుని వదిలేది కాదు. ఆ రోజు తను చెల్లెలి వెంట వెళ్లి ఉంటే ఈ పాప లేదు. ఆ ఊహే ఆమె భరించలేకపోయేది. భరించలేకపోవడం చెల్లెలికి చేసిన రెండో ద్రోహంలా ఉండేది. ఎటు తిరిగి పడుకున్నా నొప్పే. కథలు రాయడం ఆపేసింది. ల్యాబులో ఎవరైనా రాకెట్టమ్మా అంటే వినబడనట్టు ఊరుకునేది.

ప్రాణాల మీదికి వచ్చిన హడావుడిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషను సంగతి ఎవరూ ఎత్తలేదు. పాప నడక నేర్చాక చెల్లెలే మొగుడితో మాట్లాడి, అక్కను తోడు రమ్మంది. ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు అడిగాడు: "ఒక్క పాపే కదమ్మా, ఎందుకు?" అంటూ సమాధానం కోసం అక్క వైపు చూశాడు.

బీపీ, ఫిట్స్, ఏడో నెల, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. పళ్ల బిగువున ఆపుకుంది.

"నాకొద్దు కనక" అంది చెల్లెలు.

డాక్టరు తల ఊపి కాగితం ముందుకు జరిపాడు. చెల్లెలు ఎడమచేత్తో, నెమ్మదిగా, వంకరటింకరగా సంతకం పెట్టింది.

బయటికి వస్తూ అడిగింది: "మళ్లీ రాయవా?"

"ఏ మొహం పెట్టుకుని రాయనే?"

"ఉన్న మొహంతోనే రాయి. ఈసారి తొట్టెల గురించి కాదు. ఆవిడ వద్దంటే పక్కనున్న మనిషి ఏం చేసిందో రాయి."

తప్పు నీదేనని చెల్లెలు ఆనాడూ అనలేదు. నీది కాదనీ అనలేదు.

రాకెట్టమ్మ రాసింది. అదే చంద్రుడు, అదే యంత్రం. "వద్దు" అని ఆ స్త్రీ చెబుతుండగా, యంత్రానికి వినబడకుండా దాని చెవికి చెయ్యి అడ్డం పెడుతుంది ఆమె అక్క. కథ అచ్చయిన రోజు అమ్మ దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ అక్క... వాళ్లమ్మ సతాయిస్తే కదే అలా చేసింది?"

"లేదమ్మా. అమ్మ అడక్కముందే చేసింది."

పక్కగదిలో పాప నిద్రలేచి ఏడుస్తుంటే, ఇద్దరూ ఒకేసారి లేచారు.