ఒకటి నొక్కండి

నా పరిశోధనలో అందరికంటే బాగా జవాబులిచ్చిన మనిషి చచ్చిపోయింది. ఈ ‘బాగా’ అన్న మాట నాది కాదు, కంప్యూటరుది. ఆ పిల్ల నంబరుకి ఎదురుగా గడులన్నీ ఆకుపచ్చే, ఒక్క ఎరుపు లేదు. ఆ పేజీ మా గైడుగారికి ఎంత గొప్పగా చూపించానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాది పాతపట్నం దగ్గర వరి పండించుకునే ఇల్లు. సముద్రం సంగతి నాకేం తెలుసు? అయినా ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ అని కళింగపట్నం వైపు బయల్దేరాను. పని ఏమిటంటే, మత్స్యకార పల్లెల్లో గర్భిణులకి మంగళవారం, శుక్రవారం ఒక ఫోన్ వెళ్తుంది. రికార్డు చేసిన గొంతు నాదే. “కాళ్ళు గానీ మొహం గానీ వాచాయా? తలనొప్పి తగ్గకుండా ఉందా? కళ్ళు మసకబారుతున్నాయా? ఏమీ లేకపోతే ఒకటి నొక్కండి. ఏ ఒక్కటి ఉన్నా రెండు నొక్కండి.” రెండు నొక్కితే గంటలోపు నర్సమ్మ తిరిగి ఫోన్ చేస్తుంది, అవసరమైతే బండి పంపిస్తుంది. ఏదీ నొక్కకపోతే పావుగంటకోసారి మళ్ళీ మోగుతుంది. ఆ చివరి తెలివి కూడా నాదే. జనం బద్ధకిస్తారని నా భయం.

మొదట్లో సాయంత్రాలు చేసి చూశాం, ఎవరూ ఎత్తలేదు. పొద్దున్న ఎనిమిదికి మారిస్తే టక్కున ఎత్తారు. ఆ వేళకే ఎందుకు ఎత్తుతున్నారని నేను అడిగిన పాపాన పోలేదు. ఎత్తుతున్నారు, అంతే చాలనుకున్నాను.

ఆ పిల్లని చూసింది ఒక్కసారే. ఐదో నెల. ఇసకలో వల పరిచి నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతోంది. పక్కనే అత్తగారు. ఇద్దరికీ ఒకటీ రెండూ గురించి విడమరిచి చెప్పాను. ఫోన్ ఎప్పుడొస్తుందో ఆ పిల్ల రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

“ఇంట్లో ఫోనుందా?” అన్నాను.

“ఉన్నాది. మా ఆయన కాడుంటాది. ఏటకెల్లినా అట్టుకుపోతాడు.”

ట్యాబులో ‘ఉంది’ అన్నచోట వేలు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను. చెప్పాల్సింది మొత్తం ఆ పిల్ల అప్పుడే చెప్పేసింది. నేనే చెవిన వేసుకోలేదు.

మూడు నెలలు దాటాక ఒక శనివారం, ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. ఆ ఇంటి కోడలు పోయిందట. కాళ్ళు పొంగి, తలనొప్పితో రెండు రోజులు పడుకుందట. ఉప్పులో, ఎండలో నిలబడి అలా అయిందనుకున్నారట. ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్తుంటే ఫిట్స్ వచ్చాయి. బిడ్డ మాత్రం దక్కింది.

నేను వాదించాను. అవును, వాదించాను. “లేదక్కా, నువ్వెవరి సంగతో చెబుతున్నావు. నిన్న కూడా బాగానే ఉన్నానని నొక్కింది. నా ముందే ఉంది లెక్క.”

“నిన్న పదోరోజు సేసినారమ్మా,” అంది ఆవిడ.

అప్పటికప్పుడే బయల్దేరి వెళ్ళాను. మొహం చెల్లక వీధి చివరే కాసేపు నిలబడ్డాను. ఆ పిల్ల పెనిమిటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. ఫోన్ సంగతి అడిగితే దాచలేదు.

“ఆ ఏళకి బోటు మీదుంటాం. ఒడ్డుకొచ్చే ముందు సేపల సావుకారు ఫోన్ సేస్తాడని ఏది మోగినా ఎత్తుతాను. ఇదేదో కంపినీ ఫోననుకున్నాను. ఇంజను సప్పుడులో ఏటి ఇనబడతాది? ఒకటి నొక్కండి అన్నాది, నొక్కీసినాను, ఊరుకున్నాది. నొక్కకపోతే మల్లీ మల్లీ మోగుతాది గదమ్మా.”

“నిన్న కూడా నొక్కావు కదా?”

“జనం కూకున్నారు. మోగతన్నాది. నొక్కీసినాను.”

అతని వెనక, లోపల, అత్తగారు బిడ్డని కాళ్ళ మీద వేసుకుని కూర్చుంది. “నువ్వు ఫోన్ సేస్తావని మా కోడలు ఎదురుసూసింది,” అంది నాతో. “మొగున్ని అడిగింది కూడాను. కంపినీ ఫోన్లు తప్ప ఏటీ రానేదన్నాడు. నువ్వు మర్సిపోనావనుకున్నాది.”

ఆ పిల్ల తలనొప్పితో చాప మీద పడుకున్న మంగళవారం కూడా నా కంప్యూటర్లో ఆకుపచ్చే వెలిగింది. మర్నాడు ఆ పిల్ల పోయింది. పోయాక ఇంకో మూడుసార్లు వెలిగింది.

అతను ఫోను అటూ ఇటూ తిప్పి అడిగాడు. “అమ్మా, మరి రెండు నొక్కితే ఏటయ్యేది?”

అత్తగారు తలెత్తి నన్ను చూసింది. మొదటి రోజు నేను చెప్పినప్పుడు ఆవిడ అక్కడే ఉంది. ఆవిడకి తెలుసు.

“ఏమీ లేదు తమ్ముడూ. అదీ అంతే, ఊరుకునేది,” అన్నాను.

అతను తలూపి ఫోను జేబులో పెట్టుకున్నాడు. అబద్ధం అతని కోసం ఆడానో నా కోసం ఆడానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బిడ్డని భుజాన వేసుకుని అత్తగారు నా వెంట ఆటో దాకా వచ్చింది. ఆడపిల్ల, నిద్రపోతోంది. “ఆడికి సెప్పకు. రేపు మల్లీ సముద్రం మీదకి ఎల్లాల,” అంది. ఆటో కదలబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. “నీ పుస్తకంలో మాత్తరం సరిగ్గా రాసుకో.”

ఆ నంబరు లెక్కలోంచి తీసెయ్యమన్నారు గైడుగారు. తీసేశాను. పట్టా వచ్చింది. థీసిస్‌లో ఆ అత్తగారు చెప్పినట్టు రాయడానికి గడి లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వెళ్ళిన ముప్పై ఫోన్లలో ఒక్కదానికీ ఆ పిల్ల జవాబివ్వలేదు. ఎలా ఉన్నావని ఆ పిల్లని ఎవరూ అడగలేదు.