తగ్గని ఉప్పు

ఆ వీధిలో అందరూ ఆయన్ని రెంచి మామయ్య అంటారు. అచ్చాఫీసులో మెషిన్లు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో కుళాయి కారినా, కుర్చీ కుంటినా ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. మెకానిక్‌ని పిలుద్దామని భార్య నోరు జారిందంటే, తనని చేతకానివాడని తిట్టినట్టే మొహం ముడుచుకుంటాడు. రిపేరు అయ్యాక మాత్రం ఆవిడ వచ్చి చూసి ఒక మెచ్చుకోలు మాట అనాలి. అది చెవిన పడితేగానీ ఆయనకి ముద్ద దిగదు. ఆయన పుచ్చుకునే కూలి అదొక్కటే.

ఆవిడ పట్టుగుడ్డ మీద సన్నదారంతో పువ్వులూ పిట్టలూ కుడుతుంది. ఆ పనికి ఆవిడ పెట్టింది పేరు. బోరునీళ్ళు మాత్రం ఆవిడ మీద పగబట్టాయి. కుళాయి మూతులకి తెల్లగా సున్నం పట్టింది. గీజరు వేస్తే లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. అవన్నీ ఎలాగో సర్దుకుపోవచ్చు. కానీ గిన్నెలు, బట్టలు అన్నీ ఆ నీళ్ళతోనే కడిగి కడిగి ఆవిడ వేళ్ళు పగిలిపోయాయి. పట్టు మీద చెయ్యి వేస్తే చాలు, గరుకు వేలికి తగులుకుని పోగు లేచి వచ్చేస్తోంది. చివరికి ఒకరోజు, ఎప్పుడూ పని తెచ్చే ఆమెకి గుడ్డ తిరిగి ఇచ్చేసి, "ఇక పట్టు నా వల్ల కాదమ్మా" అంది. లోపలి గదిలో ఉన్న మామయ్య ఆ మాట విన్నాడు. పట్టుపని మానేస్తే ఆవిడ ఎలా అయిపోతుందో ఆయనకి తెలుసు.

మర్నాడే వెళ్ళి నీళ్ళలో సున్నం తీసేసే మెషిన్, వాటర్ సాఫ్ట్‌నర్, కొన్నాడు. బిగించడానికి మనిషిని పంపిస్తానన్నాడు కొట్టతను.

"మనిషిని పంపడమేంటి, నేను మనిషిని కానా?" అన్నాడు మామయ్య.

పెరట్లో, మేడమీద ట్యాంకు నుంచి పైపు దిగే చోట, నేల సమంగా ఉందో లేదో చూసుకుని మెషిన్ నిలబెట్టాడు. పైపు కోశాడు, మరలకి తెల్లటేపు చుట్టాడు, వాడేసిన నీళ్ళు పోయే గొట్టాన్ని కాలవలోకి వదిలాడు. పొడుగాటి సిలిండరులో సన్నటి పూసలుంటాయి. నీళ్ళలోని సున్నాన్ని అవి పట్టేసుకుంటాయి. వాటిని అప్పుడప్పుడు ఉప్పు కలిపిన నీళ్ళతో మెషినే కడుక్కుంటుంది. పక్కనున్న డబ్బాలో ఉప్పు పోయడం మన వంతు.

"ఉప్పునీళ్ళు బాగుపడ్డానికి మళ్ళీ ఉప్పు పోయాలా? ఆ కొట్టతను మనిషి దొరికాడని మీతో ఆడుకున్నాడు" అంది భార్య.

"నీకు తెలీదు, చూస్తూ ఉండు" అన్నాడాయన.

ఇక మిగిలింది ఒక్క లివరు. దాని పేరు బైపాస్. అది అడ్డంగా ఉంటే నీళ్ళు మెషిన్లోకి వెళ్ళకుండా పక్కనుంచి నేరుగా ఇంట్లోకి పోతాయి. పనయ్యాక దాన్ని నిలువుగా తిప్పాలి. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఇదంతా మీరే బిగించారా అన్నయ్యగారూ!" అంది. ఇంకేముంది, రెంచి కింద పెట్టి మామయ్య ఉపన్యాసం అందుకున్నాడు. లివరు అడ్డంగానే ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆయన కాళ్ళు నేల మీద లేవు. పక్కింటావిడ ఒక బిందెడు నీళ్ళు పట్టుకెళ్ళి తలంటుకుని, జుట్టు పట్టుకుచ్చులా జారుతోందంది. భార్య అయితే, "చేతులు మెత్తబడ్డాయండీ, మీరు కాబట్టి చేశారు" అంది. ఆ పూట మామయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు.

వారానికోసారి డబ్బా మూత తీసి చూస్తాడు. పోసిన ఉప్పు పోసినట్టే ఉంది. మొదట్లో దానికీ మురిసిపోయాడు. నేను బిగించిన మెషిన్ తిండి తక్కువ, పని ఎక్కువ అనుకున్నాడు. ఆ గొప్ప చెప్పుకోవడానికి పనిగట్టుకుని కొట్టుకి వెళ్ళాడు.

కొట్టతను తల గోక్కున్నాడు. "ఇన్నాళ్ళకీ ఉప్పు తగ్గలేదా? బాబాయిగారూ, బైపాస్ లివరు ఎటుంది?"

"అడ్డంగా..." అని నీళ్ళు నమిలాడు మామయ్య. తల తీసేసినట్టయింది.

ఇంటికి వచ్చేసరికి భార్య వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. పగుళ్ళు తగ్గకపోగా ఇంకా ముదిరాయి. ఒక వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ మెచ్చుకోలు వింటూ కూర్చున్నాడే తప్ప, ఒక్కసారైనా ఈ చెయ్యి చూశాడా? పెరట్లోకి వెళ్ళి లివరు నిలువుగా తిప్పాడు. మెషిన్ గరగరమని మొదటిసారి గొంతు విప్పింది.

పొద్దున్నే స్నానాల గదిలోంచి కేక. "ఏమండీ! ఎంత కడిగినా సబ్బు వదలట్లేదు, ఒళ్ళంతా జారుతోంది! నిక్షేపంలాంటి మెషిన్‌ని ఏం చేసి తగలేశారు?"

సున్నం పోయిన నీళ్ళకి ఒళ్ళు అలాగే జారుతుంది. ఏ పొగడ్తకీ ఆయన అంత సంబరపడలేదు. ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని తిడుతూ బయటికి రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ నవ్వాపుకోలేక గోడకి చేరబడింది.

"మరి చేతులు మెత్తబడ్డాయన్నావు?"

"ఎండలో పడి అంత కష్టపడ్డారు. ఇంకా మండుతున్నాయని ఏ నోటితో చెప్పను?"

"మండితే నాకు కాక ఇంకెవరికి చెప్తావు?" అని కసురుకున్నాడాయన. ఆ కసురుకి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత మామయ్య ఉప్పు గడ్డకట్టకుండా కర్రతో కదుపుతూ, తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాడు. ఎలా ఉందని మాత్రం భార్యని ఒక్కసారీ అడగలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడే పిలిచింది. కిటికీ దగ్గర చట్రానికి కొత్త పట్టుగుడ్డ బిగించి ఉంది. ఆయన చూస్తుండగా అరచెయ్యి ఆ చివర నుంచి ఈ చివరదాకా నెమ్మదిగా జరిపింది. ఒక్క పోగూ లేవలేదు.

"మాటల్లో చెప్తే మీరు నమ్మరుగా" అంది.

మామయ్య వంగి గుడ్డని దగ్గరగా చూశాడు. తర్వాత అనుమానంగా అడిగాడు. "ఇలాగే నా మొహం చూసి బాగుందన్నవి ఇంకేమైనా ఉన్నాయా?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఆలోచించింది. "వంటింటి తలుపుతో మొదలుపెట్టమంటారా?"

ఆయన రెంచి కోసం లేచాడు.

"ముందు కూర్చోండి" అంది ఆవిడ. "ఇంకా చాలా ఉన్నాయి."