వెండిలో వేసిన రాగి

నిన్న నిజామాబాద్‌లో నా కూతురికి కడియాలు కొంటుంటే, దుకాణం వెనక గదిలోంచి తేజాబు వాసన ఘాటుగా వచ్చింది. నా చిన్నప్పుడు వేడి వెండిని ఆ యాసిడ్‌లో ముంచినప్పుడల్లా మా ఇల్లంతా అదే వాసన వచ్చేది.

మా బాపు వెండిపని చేసేవాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. జక్రాన్‌పల్లి నుంచి ఒక ముసలవ్వ మేలిమి వెండి బిళ్ల తెచ్చి, మనవరాలికి కడియాలు చేయమంది. వెండి కరుగుతుండగా బాపు అందులో రాగి తీగ ముక్క వేయడం చూశాను. దొంగతనం అనుకున్నాను. కడియాలు తీసుకోవడానికి అవ్వ రాగానే చెప్పేశాను.

"అవ్వా, మా బాపు నీ వెండిల రాగి కలిపిండు."

"రాగి లేకుంటే వంగుతయవ్వా, గట్టిగుండాలెనని వేసిన," అన్నాడు బాపు.

"నీ బిడ్డనే చెప్తుంది గదా! గిన్నేండ్లు నిన్ను నమ్మితిని," అంటూ అవ్వ కడియాలు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ తర్వాత బాపు రాగి వేసే ముందు ప్రతిసారీ తీగ ముక్కను అరచేతిలో పెట్టి ఎదుటివాళ్లకు చూపించేవాడు. నేను పక్కనుంటే నాకూ చూపించేవాడు.

"ఉత్త వెండి మెత్తగుంటదక్కా, కొంచెం రాగి పడితెనే గట్టిగుంటది," అన్నాడు నిన్నటి దుకాణం అబ్బాయి.

ముక్కూ మొహం తెలియని అతని మాటకు వెంటనే తలూపాను.